పెరటి కుంటకు దడి



విశాఖపట్నం చుట్టుపట్ల తోట సాగు చేసేవారికి నీటి విలువ ఒకరు చెప్పనక్కరలేదు. ఆనందపురం, పద్మనాభం వైపు పూలతోటలున్నాయి. భీమునిపట్నం, పెందుర్తి, సబ్బవరం వైపు కూరగాయల మళ్లున్నాయి. 1933లో ఓడరేవు తెరిచిన నాటినుంచి, ఆ తరువాత ఉక్కు కర్మాగారం వచ్చిన నాటినుంచి పట్నం పెరుగుతూనే ఉన్నది. ఆ పట్నానికి కావలసిన వంకాయా, బెండకాయా, తోటకూరా, బంతిపూలూ పండించే మడి ఎండిపోకుండా ఉండాలంటే ఇంటి చెంత ఒక నుయ్యో, గుంటో, కుంటో ఉండితీరాలి. ఉపాధి హామీ పనుల కింద మన రాష్ట్రంలో పంట కుంటలు వేలకు వేలు తవ్వారు. 2025 మార్చిలో ఇంకా లక్షన్నరకు పైగా కుంటలు తవ్వించే పని రాష్ట్ర ప్రభుత్వం తలపెట్టింది. మంచిదే. వాననీరు సముద్రం పాలు కాకుండా మన నేలలోనే నిలిస్తే ఎవరికి చేదు?

అయితే ఈ పూట నీరు నిలపడం గురించి కాదు నేను చెప్పబోయేది. నిలిచిన నీటికీ, ఇంట్లో తప్పటడుగులు వేసే పసివాడికీ నడుమ ఏముండాలి అన్నది. మన వైపు మాటలో గుంట అంటే గొయ్యీ, గుంట అంటే పిల్లా. ఈ రెండు గుంటలూ ఒకే పెరట్లో ఉన్నప్పుడు ఏం చెయ్యాలి అన్నదే ఇవాళ్టి సంగతి.

నీటి గండం అనగానే మనకు సముద్రం, పెద్ద చెరువు, వరద గెడ్డ గుర్తుకు వస్తాయి. పెద్దవాళ్ల విషయంలో అది నిజమే. కాని ఏడాది నిండి ఐదేళ్లు నిండని పిల్లలు అంత దూరం పోరు. వాళ్లకు ప్రమాదం ఇంటికి ఇరవై, ముప్పై అడుగుల్లో ఉంటుంది. పెరట్లో కుంట, పశువుల సాల దగ్గర కుడితి గోలెం, మొక్కలకు నీళ్లు ముంచుకునే ఊటగుంట, ఇల్లు కట్టుకోవడానికి తవ్వి వదిలేసిన పునాది గొయ్యి, పట్నంలో అయితే మూత సరిగా లేని సంపు, ముంగిట్లో కలువలు పెంచే తొట్టి – ఇవీ వాళ్ల చెరువులు. 2021లో ప్రపంచం మొత్తంమీద సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారనీ, అందులో దాదాపు నాలుగో వంతు ఐదేళ్ల లోపు పిల్లలేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో వెలువరించిన నివేదిక చెబుతున్నది. మన దేశంలో ఏటా 38 వేల మంది వరకు ఇలా పోతున్నారని కేంద్ర ఆరోగ్యశాఖ 2023 డిసెంబరులో విడుదల చేసిన పత్రంలో ఉన్నది.

పసివాడు మునిగే తీరు వేరు. వాడి ఒంటికి తల బరువు ఎక్కువ. నీటిలోకి తొంగిచూసినా, పడిన బంతి అందుకోబోయినా తల ముందు, కాళ్లు తరువాత. ఒకసారి బోర్లా పడ్డాక ఆ తల పైకెత్తుకునే బలం ఆ చేతులకు ఉండదు. అంచేత జానెడు నీరు కూడా చాలు. రెండో సంగతి, వాడు కేక వెయ్యడు. ముక్కూ నోరూ నీటిలో ఉన్నప్పుడు కేక ఎక్కడినుంచి వస్తుంది? చేతులు కొట్టుకునే చప్పుడు కూడా పెద్దగా ఉండదు. కనుక “ఏదైనా అయితే వినపడదా, ఇక్కడే ఉన్నాం కదా” అన్న ధీమా పనికిరాదు. నాలుగైదు నిమిషాలు గాలి ఆడకపోతే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. పొయ్యిమీద అన్నం వార్చి వచ్చేటంత సేపు.

ఆ సమయమేదో కూడా చూడండి. మన తోటరైతుల ఇళ్లలో తెల్లవారకముందే కూర కోసి, కట్టలు కట్టి, తట్టలకెత్తి రైతుబజారుకు పంపాలి. తల్లో తండ్రో బండితో పోతారు. మిగిలినవారు మళ్లకు నీరు పెట్టాలి, పశువును చూడాలి, వంట చెయ్యాలి. అప్పుడు పసివాడు ఎవరి చేతిలో ఉంటాడు? చూపు ఆనని మామ్మ దగ్గరో, ఆరేళ్ల అక్క దగ్గరో ఉంటాడు. బంగ్లాదేశ్ పల్లెలు కూడా ఇలాంటివే. ఇంటికొక కుంట, ఇంటినిండా పని. అక్కడ పరిశీలించి చూస్తే పసిపిల్లలు ఎక్కువమంది ఉదయం 9 గంటలకూ మధ్యాహ్నం 1 గంటకూ మధ్యనే నీట పడుతున్నట్టు తేలింది. తల్లులకు ప్రేమ తక్కువై కాదు, చేతులు ఖాళీ లేక. అందుకని ఆ నాలుగు గంటలూ పిల్లల్ని ఒకచోట చేర్చి చూసుకునే కేంద్రాలు ఊళ్లో పెట్టారు. వాటికి ‘ఆంచల్’ అని పేరు. బెంగాలీలో ఆంచల్ అంటే చీర చెంగు. ఆ కేంద్రాలకు వెళ్లిన పిల్లల్లో మునక చావులు 80 శాతానికి పైగా తగ్గినట్టు లెక్కలు చెబుతున్నాయి.

మన అంగన్‌వాడీలు ఈ పనికి కొంత అక్కరకు వస్తాయి. కాని అక్కడ ఆటాపాటా చెప్పి కూర్చోబెట్టేది ప్రధానంగా మూడేళ్లు నిండిన పిల్లల్ని. ఏడాదికీ మూడేళ్లకూ నడుమనున్న బుడతడు ఇంట్లోనే మిగిలిపోతాడు. వాడే అందరికన్నా ఎక్కువ అపాయంలో ఉన్నవాడు. కనుక ఊళ్లో నలుగురు తల్లులు వంతులు వేసుకొని, పొద్దుటిపూట ఒక్కొక్కరి ఇంట పిల్లల్ని ఉంచుకున్నా చాలా మేలు. దానికి ప్రభుత్వ ఉత్తరువు అక్కరలేదు.

ఇక కుంట సంగతికి వద్దాం. కన్ను ఒక్కొక్కప్పుడు మరలుతుంది. దడి మరలదు. అందుచేత అడ్డు కట్టడమే మొదటి పని. “మా కుంటకు కంచె ఉందండీ” అని చాలామంది చూపిస్తారు. చూస్తే మూడు వరసల ముళ్లతీగ ఉంటుంది. అది పశువుకు వేసిన కంచెగాని పసివాడికి వేసినది కాదు. గేదె ఆగుతుంది. రెండేళ్లవాడు అడుగు వరస కింద నుంచి వంగకుండానే దూరిపోతాడు. కొందరు గోరింట నాటామంటారు. గోరింట ఒత్తుగా అల్లుకొని అడ్డు నిలవడానికి కనీసం రెండేళ్లు పడుతుంది. ఈలోగా ఇంట్లోవాడికీ రెండేళ్లు పెరుగుతాయి. నాటండి, వద్దనను, కాని దానిముందు దడి కట్టండి. కుంటగట్టున గన్నేరు, ఆముదం మాత్రం పెట్టవద్దు. వాటి ఆకూ గింజా విషం. బొంతజెముడు పాలు కంట్లో పడితే ప్రమాదం. నీటి గండం తప్పించబోయి ఇంకొకటి తెచ్చుకున్నట్టవుతుంది.

పిల్లవాణ్ణి ఆపే దడికి కొలతలు కొన్ని ఉన్నాయి. ఎత్తు నాలుగు అడుగులకు తగ్గకూడదు. దబ్బకూ దబ్బకూ మధ్య సందు నాలుగు అంగుళాలు దాటకూడదు. మూడు ఉంచితే మరీ మంచిది. నాలుగు అంగుళాలు దాటితే ఒళ్లు దూరుతుంది, తల ఇరుక్కుంటుంది. అడుగున నేలకూ దడికీ మధ్య కూడా అంతే. వానకు మట్టి కోసుకుపోయి అడుగున సందు పెరుగుతుంది కాబట్టి దబ్బలు అరడుగు నేలలోకి దించడం మేలు.

అన్నిటికన్నా ముఖ్యమైన కిటుకు ఒకటి చెబుతాను. నిలువు దబ్బలను పట్టి ఉంచడానికి అడ్డ బద్దలు కడతాం కదా, వాటిని మామూలుగా చేతికి ఏ వైపు వీలైతే ఆ వైపు కడతాం. ఈ దడికి మాత్రం అడ్డ బద్దలు నీటివైపే ఉండాలి. ఇంటివైపు ఉంటే అవి పిల్లవాడికి నిచ్చెన మెట్లే. మూడేళ్లవాడు రెండు మెట్లెక్కి అవతలికి తలవాలుస్తాడు. అదే కారణం చేత దడికి మూడడుగుల లోపల బోర్లించిన గంప, రోలు, సిమెంటు బస్తా, నీటి మోటారు పెట్టె ఏదీ ఉండరాదు.

సామాను ఎంతవుతుందో లెక్క కట్టి చూద్దాం. పైన ముప్పై అడుగులు పొడవు, ముప్పై అడుగులు వెడల్పు ఉన్న కుంట అనుకోండి. గట్టు కలుపుకొని చుట్టూ ఏడున్నర అడుగులు వదిలితే దడి ఒక్కొక్క వైపు 45 అడుగులు, నాలుగు వైపులా 180 అడుగులు. దబ్బ వెడల్పు అంగుళంన్నర, సందు మూడంగుళాలు అయితే 480 దబ్బలు కావాలి. ఇరవై అడుగుల వెదురు బొంగును అయిదేసి అడుగుల ముక్కలు కోసి, ముక్కను నాలుగు చీలికలు చేస్తే పదహారు దబ్బలు వస్తాయి. అంటే ముప్పై బొంగులు. ఆరడుగులకొకటి చొప్పున సరుగుడు గుంజలు మరొక ముప్పై. గుంజను అడుగున్నరకు తక్కువ కాకుండా పాతి, పాతే మొనను కాస్త కాల్చి తారు పూస్తే చెద త్వరగా పట్టదు. కొబ్బరి తాడుకు బదులు కట్టుడు తీగ వాడితే, కొసలు నీటివైపుకు మడవండి. వెదురు కొనలేనివారు తాటిమట్టలు వాడుకోవచ్చు గాని, మట్ట అంచున రంపపు పళ్లలాంటి కరుకు ఉంటుంది, దాన్ని చెక్కివెయ్యాలి. చేపల వల మాత్రం దడిగా పనికిరాదు. అది వదులవుతుంది, పిల్లవాడు అందులో చిక్కుకుంటాడు.

దడి ఎంత బాగా కట్టినా తలుపు దగ్గర చెడిపోతుంది. బిందె చంకన పెట్టుకొని వచ్చిన మనిషి తలుపు మూసిపోతుందన్న నమ్మకం లేదు. ఎవరినీ తప్పు పట్టడం లేదు, రెండు చేతులూ పనిలో ఉన్నప్పుడు ఎవరైనా అంతే. కనుక తలుపు తనంతట తానే మూసుకునేటట్టు అమర్చాలి. అది నీటివైపు కాక ఇంటివైపు తెరుచుకోవాలి. అప్పుడు పిల్లవాడు నెట్టినా తెరుచుకోదు, ఇంకా బిగుసుకుంటుంది. తలుపుకూ గుంజకూ మధ్య పాత సైకిలు ట్యూబు ముక్క సాగదీసి కడితే వదలగానే లాక్కుంటుంది. గడియ నేలనుంచి అయిదడుగుల ఎత్తున ఉండాలి. దడి నాలుగడుగులే కదా అంటారా, తలుపు గుంజ ఒక్కటీ ఎత్తుగా వేసి దానికి పెట్టండి.

కుంటలు రెండు మూడున్న చోట, లేదా పక్కవారి కుంట మన ఇంటిని ఆనుకొని ఉన్నచోట, అన్నిటికీ దడి కట్టడం సాగదు. అటువంటప్పుడు లెక్క తిరగేసి నీటికి కాక పిల్లవాడికే దడి కట్టండి. ఇంటి ముంగిట పదిహేను అడుగుల జాగా ఇదే తీరుగా మూసి, గుమ్మానికి మూడడుగుల అరతలుపు బిగిస్తే, పనివేళ వాడు అందులో ఆడుకుంటాడు. కాని అరతలుపు ఉన్నదని మనిషి అక్కరలేదనుకోకండి. లోపల పెద్దవారొకరు ఉండవలసిందే.

చిన్న తొట్లు, అలంకారానికి తవ్విన కలువ గుంటలు ఉన్నవారికి నా సలహా సూటిగా చెబుతాను. ఇంట్లో పసివాడు ఉన్నంతకాలం దాన్ని ఇసుకతో నింపేయండి. వాడికి ఆట స్థలమవుతుంది. బడికి పోయే వయసు వచ్చాక ఇసుక తీసి మళ్లీ కలువలు వేసుకోవచ్చు. కలువ ఎక్కడికీ పోదు. అంత మనసొప్పకపోతే ఇనుప కడ్డీల చట్రం చేయించి నీటి మట్టానికి పైన బిగించండి. గళ్లు మూడంగుళాలకు మించరాదు, పెద్ద మనిషి నిలబడినా కుంగరాదు. నూతికి మూడున్నర అడుగుల గోడ, మీద జాలీ. సంపుకు మూత ఉంటే చాలదు, దానికి తాళం ఉండాలి.

ఈ సందర్భంలో మా శాఖల వారితో కూడా ఒక మాట. పాడిపశువుల మేతకని అజొల్లా గుంటలు పెట్టించింది మనమే. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, లోతు జానెడు కూడా ఉండదు, అందులో ఏ ప్రమాదం ఉంటుందనుకుంటాం. కాని నీటి మీద అజొల్లా పచ్చగా తివాచీలాగ పరుచుకుంటుంది. పాకే పిల్లకు అది నీరని తెలియదు, గడ్డి అనుకుంటుంది. గుర్రపుడెక్క కమ్మిన కుంటా అంతే. అజొల్లా గుంటను దడిలోపల పెట్టించండి, లేదా రెండున్నర అడుగుల ఎత్తున ఇటుకల మీద తొట్టి కట్టించండి. అలాగే పంట కుంటకు ముగ్గు పోసి కొలతలు గుర్తించేనాడే దడి గీత కూడా గుర్తించండి. తవ్వకం అయ్యాక “తరువాత చూద్దాం” అన్న మాటకు తరువాత ఉండదు. నన్నడిగితే ఇళ్ల దరిని తవ్విన కుంటకు దడి పడేదాకా ఆ పని పూర్తయినట్టు రాయకూడదు. స్థలం ఎంచుకునే వీలున్నప్పుడు ఇంటికి దూరంగా, కాని వంటింటి నుంచి కనబడేచోట ఎంచండి.

తవ్వేటప్పుడే చెయ్యగల పని ఇంకొకటున్నది. పడినవాడు పైకి రావడానికి దారి. కుంట ఒడ్డును నిలువుగా కొయ్యకుండా, ఒక అడుగు లోతుకు ఒకటిన్నర అడుగు చొప్పున వాలు ఇవ్వాలి. దానివల్ల గట్టు కూడా విరగదు. ఒకవైపు మెట్లు కొట్టించి, నీరు నిండినప్పుడు అడుగు లోతున ఉండేటట్టు రెండడుగుల వెడల్పు అరుగు వదలాలి. నీరు ఇంకకుండా ప్లాస్టిక్ పట్టా పరిచిన కుంటలు మరీ ప్రమాదం. పట్టామీద నాచు పడితే ఈత వచ్చిన మగవాడు కూడా ఎక్కలేడు. అటువంటి కుంటకు నాలుగు వైపులా ముళ్లు వేసిన మోకులు గుంజలకు కట్టి లోపలికి వేలాడదీయాలి.

తమ్ముణ్ణి చూసుకునే అక్కకు కూడా చెప్పండి. తమ్ముడు నీట పడితే తాను దూకరాదు. ఒక పిల్ల కోసం ఇంకొక పిల్ల దూకి ఇద్దరూ పోయిన ఇళ్లున్నాయి. గట్టిగా కేక వెయ్యాలి, కర్ర అందించాలి, తేలేది విసరాలి. దడి తలుపు పక్కనే పదడుగుల వెదురు గడ ఒకటి, మూత బిగించిన ఖాళీ నూనె డబ్బాకు కట్టిన తాడు ఒకటి ఎప్పుడూ వేలాడుతూ ఉండాలి. ఆ తాడు బట్టలారేసుకోవడానికి తీసుకోవద్దు.

పిల్లవాణ్ణి బయటికి తీశాక మన పల్లెల్లో చేసే పనులు కొన్ని ఉన్నాయి. కాళ్లు పట్టుకొని తలకిందులుగా తిప్పడం, కుండ మీద బోర్లా వేసి దొర్లించడం, కడుపు నొక్కి నీళ్లు కక్కించడం. ఇవేవీ చెయ్యకండి. ఆ బిడ్డకు కావలసింది నీరు పోవడం కాదు, గాలి అందడం. విలువైన నిమిషాలు ఆ తిప్పడంలోనే పోతాయి. ఊపిరి లేకపోతే వెల్లకిలా గట్టి నేలమీద పడుకోబెట్టి, గడ్డం కాస్త పైకెత్తి, ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి రొమ్ము లేచేటట్టు అయిదుసార్లు ఊదండి. మరీ చంటిబిడ్డకు ముక్కూ నోరూ కలిపి మీ నోటితో మూసి ఊదాలి. కదలిక లేకపోతే రొమ్ము నడిమి ఎముక మీద, కింది సగంలో, ఒక అరచేతి మడమతో రొమ్ము మందంలో మూడో వంతు దిగేటట్టు 30 సార్లు గబగబా నొక్కండి, నిమిషానికి 100 నుంచి 120 చొప్పున. చంటిబిడ్డకు రెండు బొటనవేళ్లు చాలు. తరువాత రెండు ఊపిరులు, మళ్లీ 30 నొక్కుళ్లు. 108 బండి వచ్చేదాకా ఆపవద్దు. రెండో మనిషి ఉంటే వెంటనే 108కి ఫోను చేయించండి. పిల్లవాడు తేరుకొని ఏడ్చినా సరే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఊపిరితిత్తుల్లో చేరిన నీటి వలన కొన్ని గంటల తరువాత ఆయాసం రావచ్చు.

ఇది రేడియోలో విన్నంత మాత్రాన చేతికి వచ్చే విద్య కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వారినో, 108 సిబ్బందినో ఒక పూట ఊరికి పిలిచి బొమ్మ మీద చేయించి చూడండి. గ్రామ సభ రోజు అయితే ఆడవాళ్లు కూడా అందుతారు. ఇంటి దగ్గర ఉండేది వాళ్లే కనుక ముందు వాళ్లకు నేర్పాలి.

పని ఎప్పుడు మొదలుపెట్టాలంటే, తొలకరికి ముందే. ఎండాకాలంలో కుంట ఎండి ఉంటుంది, గుంజ పాతడం సులువు, మనిషికి తీరిక ఉంటుంది. జూన్‌లో వానలు పడితే నాట్లూ విత్తనాలూ అంటూ దడి వెనకబడుతుంది, నీరు మాత్రం ఆగదు. మళ్లీ అక్టోబరు, నవంబరు నెలల్లో మన తీరానికి తుపాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు పట్నంలో పెద్ద పెద్ద చెట్లే నేలకూలాయి, వెదురు దడి ఎంత? తుపాను తగ్గిన మరునాడు అందరం ఇంటి కప్పు చూసుకుంటాం, కొబ్బరిచెట్లు లెక్కపెట్టుకుంటాం. అన్నిటికన్నా ముందు కుంట చుట్టూ ఒకసారి తిరిగి రండి. ఆనాడే కుంట నిండుగా ఉంటుంది, ఆనాడే దడి పడి ఉంటుంది, ఆనాడే పెద్దలందరూ వేరే పనిలో ఉంటారు. దబ్బలు తిరిగి కట్టేదాకా పిల్లల్ని ఒక మనిషికి అప్పగించండి. తలుపుకు కట్టిన సైకిలు ట్యూబు కూడా ఎండకు బీటలు వారుతుంది. ఏటా వేసవిలో దాన్ని మార్చి, తలుపు వదిలిపెట్టి, అది పూర్తిగా మూసుకొని గడియ పడుతున్నదో లేదో నిలబడి చూడండి.